నొప్పి ఎక్కడమ్మా?

మన పత్రిక ఆరోగ్యం పేజీకి మీ నడుం నొప్పి అనుభవాలు రాయండి సార్, నలుగురికీ పనికొస్తాయి అని సంపాదకులు రెండు సంచికల నుంచి అడుగుతున్నారు. అడగడంలో వింతేమీ లేదు. బరంపురంలో మన తెలుగువాళ్ళకి నా నడుం సంగతి తెలియనిది కాదు. ఉగాది సభలో అందరూ జంపఖానా మీద కూర్చుంటే గోడవారన కుర్చీ వేయించుకునే మనిషిని నేనే. సరే రాస్తానని ఒప్పుకున్నాను. తీరా కాగితం ముందు పెట్టుకున్నాక తెలిసింది, నా నడుం గురించి రాయడానికి ఒక పేజీ మించి ఏమీ లేదని, రాయవలసినది మా అమ్మాయి గురించి అని. అమ్మాయిని అడిగాను. "రాయి నాన్నా, కానీ సగం సగం రాయకు" అంది. ఆ షరతు మీదనే ఇది రాస్తున్నాను.

ముందు ఆ ఒక్క పేజీ.

నేను 1967లో బరంపురంలోనే పుట్టాను. మా ముత్తాతగారు సోంపేట దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. అప్పట్లో ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. 1936లో ఒరిస్సా వేరుపడినప్పుడు మావాళ్ళు ఇల్లు మారకుండానే రాష్ట్రం మారిపోయారు. నేను ఖల్లికోట కాలేజీలో బి.కాం. చదివి, 1990లో బ్యాంకులో గుమాస్తాగా చేరి, తర్వాత ఆఫీసరునయ్యాను. గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ తిరిగి మళ్ళీ సొంత ఊరు చేరాను. చేరిన కొత్తలో మా లెడ్జర్లు ఒక్కొక్కటి చంటిపిల్లంత బరువుండేవి. రోజుకి ముప్ఫై సార్లు ఎత్తి దించేవాళ్ళం. అప్పుడు నడుముకి ఏమీ కాలేదు. లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వచ్చి, కుర్చీలోంచి కదలనక్కరలేని రోజులొచ్చాక అయింది. 2009 మార్చి నెలాఖరు, ఇయర్ క్లోజింగ్ హడావుడి. ఇంట్లో గ్యాస్ సిలిండరు వంగి పక్కకి జరపబోయాను. కలుక్కుమంది. అంతే, వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను.

రెండు వారాలు మంచం మీద పడుకున్నాను. మహానారాయణ తైలం, ఆముదం, ఇటుక కాపడం, వేడినీళ్ళ సంచీ, నడుం బెల్టు, చూడవచ్చినవాళ్ళు తలా ఒకటి చెప్పిన కషాయాలు, అన్నీ అయ్యాయి. ఎక్స్‌రే తీశారు. నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య అరిగిందన్నారు. ఆ 'అరిగింది' అన్న మాట నన్ను నొప్పి కంటే ఎక్కువ భయపెట్టింది. ఇక ఈ జన్మకి బరువెత్తకూడదని తీర్మానించుకున్నాను. చివరికి ఒక కుర్ర ఫిజియోథెరపిస్టు నన్ను మంచం దింపాడు. "మీ వయసువాళ్ళని వరసగా నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే చాలామందిలో ఈ అరుగుదల కనిపిస్తుంది సార్. వాళ్ళలో నొప్పి అంటే ఏమిటో తెలియనివాళ్ళూ ఉంటారు. పడుకున్నకొద్దీ కండ నీరసపడిపోతుంది. నడవండి" అన్నాడు. నడిచాను. ఆరు వారాలకి మామూలు మనిషినయ్యాను. ఆ తర్వాత ఏడాదికి ఒకసారో రెండుసార్లో కలుక్కుమంటుంది, నాలుగు రోజులు జాగ్రత్తగా ఉంటే తగ్గిపోతుంది. కింద కూర్చుని లేవడం మాత్రం ఇప్పటికీ కష్టమే.

ఇదీ నా కథ. దీంతో నేను నడుం నొప్పి విషయంలో పెద్దమనిషినైపోయాను. బ్రాంచిలో ఎవరు నడుం పట్టుకున్నా నా దగ్గరికే వచ్చేవారు. బెల్టు ఏ సైజు కొనాలో, పరుపు ఎంత గట్టిగా ఉండాలో చెప్పేవాణ్ణి. చెప్పడంలో ఒక సుఖం ఉందని ఒప్పుకోవాలి.

2016లో మా అమ్మాయికి నడుం నొప్పి మొదలైంది. అప్పుడు దానికి 21 ఏళ్ళు, ఎమ్మెస్సీ చదువుతోంది. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదమ్మా, పొద్దున్న లేవలేకపోతున్నాను అని వాళ్ళమ్మతో అంటే, ఆవిడ నాతో అంది. నేను నా బీరువాలోంచి నా పాత బెల్టు తీసి ఇచ్చాను. "కంప్యూటరు ముందు వంగి కూర్చుంటే రాదూ మరి! నాది నీకు వచ్చింది. ఆదివారం పూట కాస్త పడుకో" అన్నాను. నన్ను మంచం దింపిన కుర్రాడి మాట నాకు తెలుసు, అయినా కూతురు దగ్గరికి వచ్చేసరికి పడుకోమనే అన్నాను. పిల్ల ఆదివారాలు పడుకుంది. సోమవారం పొద్దున్న మరీ కర్రలా లేచేది. విశ్రాంతి చాలలేదని నేను అనుకునేవాణ్ణి.

ఊళ్ళో ఎముకల డాక్టరుగారికి చూపించాం. అమ్మాయి ఒరియా నాకంటే బాగా మాట్లాడుతుంది, బడిలో చదువుకున్న భాష. అయినా ఆయన అడిగినదానికల్లా నేనే జవాబు చెప్పాను. "అంటా బింధా ఆగ్యా" అన్నాను. నడుం నొప్పి అని. ఎన్నాళ్ళ నుంచి అంటే ఆరు నెలలన్నాను. దెబ్బ తగిలిందా అంటే లేదన్నాను. ఎక్స్‌రే తీయించారు, బాగానే ఉంది. రక్తంలో వాతం పరీక్ష చేయించారు. రుమటాయిడ్ ఫ్యాక్టరు నెగెటివ్ వచ్చింది. యూరిక్ యాసిడ్ మామూలే. కాల్షియం మాత్రలు, విటమిన్ డి, నొప్పి ఎక్కువైతే వేసుకోమని ఒక మాత్ర. నిజం చెప్పాలంటే గంఠి బాత కాదు అని ఆయన అనగానే నేను, మా ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకున్నాం.

ఎందుకంటే మా ఇంట్లో కీళ్ళవాతం అన్న మాటకి ఒక చరిత్ర ఉంది. మా అమ్మ మోకాళ్ళ నొప్పులతో బాధపడేది. 1998లో ఎవరో ఒకాయన ఊరూరా తిరిగి ఇచ్చే కీళ్ళ మందు, పేరూ ఊరూ లేని పొట్లాలు, కొనిపెట్టాను. మూడో రోజుకల్లా నొప్పి మాయం. అమ్మ మెట్లెక్కి మేడ మీద వడియాలు పెట్టింది. ఆరు నెలలు తిరిగేసరికి ముఖం పూర్ణచంద్రుడిలా ఉబ్బింది, లేని షుగరు వచ్చింది, చర్మం ఎక్కడ తగిలినా నల్లగా కమిలేది. డాక్టరు చూసి, ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటారు, ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం అని మెల్లమెల్లగా మాన్పించారు. తర్వాత పదమూడేళ్ళు బతికింది కానీ షుగరు మాత్రం పోలేదు. ఆ పొట్లాలు తెచ్చిన చెయ్యి నాది. అంచేత మా ఇంట్లో వాతం మాట ఎవరూ ఎత్తరు. ఆ పైన పెళ్ళి కావలసిన పిల్ల. "నడుం నొప్పంటే ఎవరికి లేదు బావా! ఈ డాక్టర్లూ పరీక్షలూ అని తిరిగితే ఊరంతా తెలుస్తుంది" అన్నాడు మా బావమరిది. నాకూ నిజమేననిపించింది. పద్దు ఏమిటో తెలియని సొమ్ముని బ్యాంకులో సస్పెన్స్ అకౌంటులో వేసి ఉంచుతాం. ఎవరైనా ఆడిటరు అడిగేదాకా అది అక్కడే పడి ఉంటుంది. అమ్మాయి నొప్పిని అలాగే ఉంచేశాం.

2018లో విజయనగరం నుంచి ఒక సంబంధం వచ్చింది. పెళ్ళిచూపులు మా ఇంట్లోనే. గంటన్నర సేపు అమ్మాయి కుర్చీలో కదలకుండా కూర్చుంది. వాళ్ళు వెళ్ళేటప్పుడు లేచి నమస్కారం పెట్టబోయి, ఒక చేత్తో కుర్చీ పట్టుకుని, సగంలో ఆగి, మళ్ళీ లేచింది. కాలు తిమ్మిరెక్కిందండీ అని నేను నవ్వేశాను. వాళ్ళూ నవ్వారు. తర్వాత వాళ్ళు ఏ కబురూ చేయలేదు, మేమూ అడగలేదు. అమ్మాయి ఆ రోజు నాతో ఏమీ అనలేదు.

2019 ఆగస్టులో దానికి కుడి కన్ను ఎర్రబడింది. కళ్ళకలక అనుకుని మందుల షాపులో చుక్కలు తెచ్చి వేశాం. మూడో రోజుకి వెలుతురు చూడలేక, చూపు మసకబారి, నొప్పి అని ఏడ్చింది. కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాం. ఆయన యంత్రంలోంచి చాలాసేపు చూసి, ఇది కలక కాదు, కంటి లోపలి పొర వాచింది, రెండు రోజులు ఆలస్యమైతే చూపుకే చేటు అని రెండు రకాల చుక్కలు రాశారు. రాస్తూ రాస్తూ తల ఎత్తకుండానే, "నడుం నొప్పి ఏమైనా ఉందా? పొద్దున్న లేవగానే బిగుసుకుపోతుందా?" అని అడిగారు.

కంటి డాక్టరు నడుం గురించి అడగడమేమిటి? నేనూ అమ్మాయీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మూడేళ్ళలో నేను జవాబు చెప్పకుండా ఉన్న మొదటి ప్రశ్న అదే. అమ్మాయే ఉందని చెప్పింది. "అయితే ఎముకల డాక్టరు కాదు, రుమటాలజిస్టుకి చూపించండి" అన్నారాయన. ఆ మాట అంతకు ముందు నేను వినలేదు. కీళ్ళు, కండరాలు, శరీరం తన మీద తానే తిరగబడే జబ్బులు చూసే వైద్యులట. ఒంట్లో ఒకచోట మొదలైన వాపు కంట్లోనూ కనిపించవచ్చట.

మనవాళ్ళకి పెద్ద వైద్యమంటే అటు భువనేశ్వర్, ఇటు విశాఖపట్నం. విశాఖలో మా పెద్దత్తగారి ఇల్లుంది కనక అటే వెళ్ళాం. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున్న ఎక్కాం. ఇచ్ఛాపురం దాటేసరికే అమ్మాయి లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. పలాసలో జీడిపప్పు కొన్నాం, వచ్చి కూర్చుని నాలుగు నోట్లో వేసుకుని మళ్ళీ లేచింది. రిజర్వేషన్ చేయించుకుని నిలబడతావేమిటమ్మా అని ఇదివరకు ప్రతి ప్రయాణంలోనూ అనేవాణ్ణి. ఆ రోజూ అన్నాను.

డాక్టరమ్మగారికి నలభై ఏళ్ళుంటాయి. మన ఉత్తరాంధ్ర యాసలోనే మాట్లాడారు. కాగితం మీద పేరూ వయసూ రాసుకుని, "నొప్పి ఎక్కడమ్మా?" అని అడిగారు.

"నడుం నొప్పి అండీ. మూడేళ్ళయింది. నాకూ ఉంది. బ్యాంకు ఉద్యోగం కదా, వంశపారంపర్యంగా..." అని నేను అందుకున్నాను.

ఆవిడ పెన్ను ఆపి, "మీది తర్వాత చూద్దాం సార్. కాసేపు బయట కూర్చుంటారా? అమ్మగారు ఉంటారు" అన్నారు. కటువుగా అనలేదు. బ్రాంచిలో డిపాజిట్ ఎవరిదో వాళ్ళనే సంతకం పెట్టమని నేను ఎంతమందితో అనలేదు! అదే గొంతు. బయట కూర్చున్నాను. గోడ గడియారంలో 25 నిమిషాలు.

లోపలికి పిలిచాక ఆవిడ తను రాసుకున్నది చదివి వినిపించారు. నొప్పి నడుంలో కాదు. ఇంకా కిందన, పిర్రల లోపల, లోతుగా, పోటు. ఒక వారం ఎడమవైపు, ఒక వారం కుడివైపు. రాత్రి మూడింటికో నాలుగింటికో మెలకువ వస్తుంది. పడుకుంటే ఎక్కువవుతుంది. లేచి హాల్లో ఇరవైసార్లు తిరిగితే తగ్గుతుంది. పొద్దున్న గంటసేపు కర్రమనిషి, వేడినీళ్ళ స్నానంతో సర్దుకుంటుంది. క్లాసులో నిలబడి పాఠం చెప్పినంతసేపూ బాగుంటుంది, స్టాఫ్ రూములో అరగంట కూర్చుంటే పట్టేస్తుంది. రెండు మడమల వెనకా అప్పుడప్పుడు నొప్పి.

ఇందులో ఒక్క ముక్క నాకు తెలియదు. ఒక్క ముక్క తెలుసు, తప్పుగా తెలుసు. తెల్లవారుజామున హాల్లో అడుగుల చప్పుడు నేను ఎన్నోసార్లు విన్నాను. 2017లో ఒక రాత్రి గదిలోంచి లేచి వచ్చి, "ఈ వేళప్పుడు ఎవరితోనమ్మా ఫోను?" అని గట్టిగా అడిగాను. చేతిలో ఫోను లేదు. అది నా ముఖంలోకి చూసి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తర్వాత చప్పుడు కాకుండా గదిలోనే తిరిగేదట. గది చిన్నది, మంచం చుట్టూ తిరగాలి.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ చెప్పింది. పిర్ర అన్న మాట అనడానికి అమ్మాయికి డాక్టరు దగ్గర కూడా ఐదు నిమిషాలు పట్టిందట. మా ఇంట్లో ఆ మాట ఎవరు వాడతారు! మర్యాదకి నడుం అన్నాం, నేను దాన్ని ఒరియాలో అంటా చేశాను, ఎముకల డాక్టరుగారు నడుం పూసలకి ఎక్స్‌రే తీయించారు. ఆయన్ని అనడానికేమీ లేదు. చిరునామా తప్పిచ్చినవాణ్ణి నేను.

పరీక్షలు చేశారు. వీపు మీద పెన్నుతో రెండు గీతలు పెట్టి, 10 సెంటీమీటర్లు కొలిచి, వంగమన్నారు. మామూలుగా అది 15 దాకా సాగాలట. మా అమ్మాయిది పన్నెండున్నర దగ్గర ఆగింది. రక్తంలో వాపు చూపే సి.ఆర్.పి. ఎక్కువుంది. హెచ్.ఎల్.ఏ. బి 27 అనే పరీక్ష పాజిటివ్. వెన్ను అడుగుభాగం కటి ఎముకతో కలిసేచోట రెండు పక్కలా రెండు కీళ్ళుంటాయి, శాక్రోఇలియాక్ కీళ్ళంటారు. ఎమ్.ఆర్.ఐ.లో ఆ రెండిట్లోనూ వాపు కనిపించింది. ఎక్స్‌రేలో ఆ మార్పు తేలడానికి ఏళ్ళు పట్టవచ్చుననీ, ఎక్స్‌రే బాగుంది కదా అని ఊరుకోకూడదనీ చెప్పారు. వాతం పరీక్ష నెగెటివ్ వచ్చింది కదండీ అన్నాను. ఇది వేరే జాతి వాతం సార్, ఇందులో ఆ పరీక్ష నెగెటివే వస్తుంది అన్నారు. జబ్బు పేరు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్. వైద్యం లేకుండా వదిలేస్తే కొందరికి వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుని వీపు వెదురుబద్దలా అయిపోతుంది. మూడేళ్ళకే పట్టుకున్నాం, చాలామందికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, పైగా ఆడపిల్లల్లో దీన్ని అనుమానించేవాళ్ళు తక్కువ అన్నారు. ఆవిడ ఓదార్పుగానే అన్నారు. నాకు మాత్రం ఆ మూడేళ్ళే లెక్కకొచ్చాయి.

నాకు వచ్చే నొప్పికీ దానికి వచ్చే నొప్పికీ తేడా ఏమిటని అడిగాను. ఇది పాఠకులు కాస్త నిదానంగా చదవాలని నా కోరిక. నాలాంటివాడి నొప్పి పని చేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ఏ వయసులోనైనా, తరచు ఏదో బరువెత్తినప్పుడో వంగినప్పుడో ఒక్కసారిగా వస్తుంది. అమ్మాయిలాంటివాళ్ళది నలభై ఐదేళ్ళలోపే, ఎక్కువగా ఇరవైల్లో, తెలియకుండా మొదలవుతుంది. మూడు నెలలు దాటినా పోదు. పడుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. తెల్లవారుజామున నిద్ర లేపుతుంది. పొద్దున్న అరగంటకి మించి బిగుసుకుపోయి ఉంటుంది. పేరొకటే గదా అని ఒకరి ఖాతాలో జమ చేయవలసింది ఇంకొకరి ఖాతాలో వేస్తే మా బ్యాంకులో మెమో ఇస్తారు. ఇంట్లో ఎవరిస్తారు?

ఇంకో మాట కూడా ఆవిడే చెప్పారు. నడుం నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం ఉన్నా, కాళ్ళలో పట్టు తప్పినా, మూత్రం, విరేచనం మీద అదుపు పోయినా ఏ తైలమూ ఏ బెల్టూ చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలట. మన దేశంలో క్షయ వెన్నుపూసకి కూడా వస్తుంది.

మా ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే. "పెళ్ళి చెయ్యొచ్చా అమ్మా?" డాక్టరమ్మగారు అమ్మాయి వైపు చూసి జవాబు చెప్పారు. పెళ్ళికి, పిల్లలకి ఇది అడ్డు కాదు, పిల్లలు కావాలనుకున్నప్పుడు ముందుగా చెబితే కొన్ని మందులు మార్చాల్సి ఉంటుంది, అంతే. బి 27 అనేది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండాలి, కానీ అది ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఏ జబ్బూ రాదు, మీరిద్దరూ పరీక్ష చేయించుకోనక్కరలేదు అన్నారు. చేయించుకోలేదు. ఎవరిదన్న వాదం మాత్రం మా ఇద్దరి మధ్య ఇప్పటికీ ఉంది, తీరిక దొరికినప్పుడల్లా.

మొదట మాత్రలు. నొప్పి తగ్గించే మాత్రలనే రోజూ, లెక్కగా, కడుపుకి కాపుదలతో వాడమన్నారు. ఒక రకం, తర్వాత ఇంకో రకం. తగ్గింది కానీ పూర్తిగా లొంగలేదు. కరోనా రోజుల్లో ఫోను మీదనే చూసేవారు. 2021లో ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, అడాలిముమాబ్ అని. మొదలుపెట్టే ముందు క్షయ లేదని, కామెర్ల వైరసు లేదని పరీక్షలు చేయించారు, ఎందుకంటే ఆ మందు ఒంటి కాపలాని కొంత తగ్గిస్తుంది. అమ్మాయి ఉద్యోగస్తురాలు, నా బ్యాంకు మెడికల్ స్కీములో డిపెండెంటు కాదు, అంచేత ఖర్చు మా ఇద్దరి జీతాల్లోంచే. దాని జీతంలోంచి సగం అదే పెట్టుకుంటానని పట్టుబట్టింది. రెండు వారాలకొకసారి తొడలో తనే పొడుచుకుంటుంది. నేను ఆ గదిలో ఉండలేను. మందు ఫ్రిజ్‌లో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు. ఇడ్లీపిండి గిన్నె పక్కన ఒక అరని మా ఆవిడ దానికి ప్రత్యేకించి కేటాయించింది. కరెంటు పోతే ముందు ఆ అర సంగతే చూస్తాం. ఆరో వారంలో ఒక రోజు పొద్దున్న అమ్మాయి లేచి, మంచం దిగి, వంటింట్లోకి వచ్చి కాఫీ అడిగింది. వాళ్ళమ్మ గ్లాసు చేతికిచ్చి, గడియారం చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆరున్నర. ఐదేళ్ళ నుంచి ఎనిమిది కాకుండా వంటింట్లోకి రాని పిల్ల.

ఇప్పుడు మూడు వారాలకొక ఇంజెక్షన్. వీపు మీది గీతల మధ్య సాగుడు 14కి వచ్చింది. ఎత్తు దిండు మానేసింది. రోజూ పొద్దున్న మేడ మీద వ్యాయామం. గోడకి మడమలు, పిర్రలు, తల వెనకభాగం ఆనించి నిలబడడం, ఊపిరి ఛాతీ నిండా పీల్చడం, పావుగంట బోర్లా పడుకోవడం. మందు ఎంత ముఖ్యమో ఇది అంత ముఖ్యమని డాక్టరమ్మగారు కాగితం మీద రెండు గీతలు కింద గీసి రాశారు. నేనూ వెళ్తాను. నా నడుముకీ మంచిదే. అంకెలు లెక్కపెట్టేది అది, చెప్పినట్టు చేసేది నేను.

పెళ్ళి సంగతి. 2022లో ఒక సంబంధం వాళ్ళకి నేనే ఫోను చేసి జబ్బు పేరుతో సహా చెప్పాను. బావమరిది నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. వాళ్ళు జాతకాలు కలవలేదన్నారు. తప్పు పట్టలేదు, ఎదుటివాళ్ళ మీద మేమూ ఆ మాట వాడినవాళ్ళమే. ఇప్పుడు ఇంకొక కుటుంబంతో మాటలు నడుస్తున్నాయి. మొదటి ఫోనులోనే అమ్మాయి స్వయంగా అబ్బాయితో చెప్పింది. ఆలోచిస్తున్నామన్నారు. ఇది వాళ్ళ కంట పడినా ఫరవాలేదు.

మన భాషలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో ఈ మధ్య లెక్కపెట్టుకున్నాను. పోటు, సలుపు, తీపు, మంట, పీకుడు, గుంజుడు, లాగుడు, తిమ్మిరి, జివ్వుమనడం, కలుక్కుమనడం, పట్టేయడం, బిగుసుకుపోవడం. మా ఫిజియోథెరపిస్టుకి నా 'కలుక్కు' చాలు, సగం తెలిసిపోతుంది. కాలిలోకి జివ్వున లాగిందంటే నరం సంగతి చూస్తాడు. ఒరియా డాక్టరు దగ్గరికో తమిళ డాక్టరు దగ్గరికో వెళ్ళేసరికి మనం వీటన్నిటినీ కట్టగట్టి ఒక్క 'పెయిన్' చేసి చేతిలో పెడతాం. మా అమ్మాయి ఇప్పుడు కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు ఒక కాగితం రాసుకుంటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు, దేనితో పెరుగుతుంది, దేనితో తగ్గుతుంది. తెలుగులోనే రాసుకుని, అక్కడ కావలసిన భాషలో చెబుతుంది. మా వీధిలో ఇద్దరు ముగ్గురు పెద్దావిడలకి కూడా అలా రాసిపెట్టింది. ఒకావిడ కాగితంలో ఎక్కడ అన్నచోట "ఎక్కడ లేదో అడుగు" అని రాయించారట.

రాసినది అమ్మాయికి చదవడానికి ఇచ్చాను. అక్షర దోషాలు దిద్దింది. 2017 నాటి ఫోను సంగతి నేను రాయలేదు. మార్జిన్లో "ఇది కూడా" అని రాసి తిరిగి ఇచ్చింది. వ్యాయామం దగ్గర నేను "నడుం గోడకి ఆనించి" అని రాస్తే, ఆ మాట కొట్టేసి పైన సరైన మాట రాసింది.